వీపున బరువు, జేబులో బెల్లము

ఆరోగ్యవిషయాలు వ్రాసే చోట వేట ప్రసక్తి ఎందుకని మీకు అనిపించవచ్చును. నేను వేటగాడిని కాను. తుపాకి చేత పట్టి ఎరుగను. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జింకలను, దుప్పులను వేటాడుట నేరము. అది నేరముగానే ఉండాలని నా అభిప్రాయము కూడా. ఈ వ్యాసము న్యూజీలాండు దక్షిణ ద్వీపపు పర్వతములలో దుప్పివేటకు వెళ్ళిన ఒక మధుమేహరోగి మూటను గురించినది. ఆ రోగి మా అల్లుడుగారు. ఆ మూటను తేలికపరచుటలో నా చేయి కూడా ఉంది. అందులో నేనొక తప్పు చేసాను. దానిని దాచుకొనుట కంటె చెప్పుకొంటే నలుగురికి మేలు జరుగుతుందని ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

అక్కడ వేట ఎందుకు?

2023 మార్చి నెలలో నేను, నా భార్య మా అమ్మాయి ఇంటికి క్రైస్ట్‌చర్చ్ వెళ్ళాము. అల్లుడుగారు ఇంజనీరు. వయస్సు నలుబదియారు. ఆయన ఆ దేశము వెళ్ళి పదునాలుగేళ్ళయింది. తుపాకి లైసెన్సు తీసుకొని, అరువది దాటిన ఒక స్థానిక మిత్రునితో నాలుగైదు పర్యాయములు కొండలకు వెళ్ళి వచ్చారు. మొదట ఈ విషయము తెలిసినపుడు నాకు మనస్కరించలేదు. వారు చెప్పిన చరిత్ర విన్నాక కొంత అర్థమయింది.

మనుజులు చేరక పూర్వము న్యూజీలాండులో నేలపై తిరిగే క్షీరదములు గబ్బిలములు తప్ప వేరు లేవు. పందొమ్మిదవ శతాబ్దములో బ్రిటనునుండి వచ్చినవారు వినోదమునకై ‘రెడ్ డీర్’ అనే జాతి దుప్పులను తెచ్చి అడవులలో విడిచారు. వాటిని తినే పెద్ద జంతువులు అక్కడ లేవు. సంతతి విపరీతముగా పెరిగి, లేత మొక్కలను, చిగుళ్ళను తినివేసి అడవులను దెబ్బతీసింది. 1930లో ప్రభుత్వము వాటికి ఉన్న రక్షణను తొలగించింది. ఆ దశకములో జీతమిచ్చి వేటగాళ్ళను నియమించి కొండలపైకి పంపింది. ఈనాటికీ ప్రభుత్వపు అటవీభూములలో అనుమతిపత్రముతో వేటకు వెళ్ళవచ్చును. మాంసము ఇంటికి తెచ్చుకొని తింటారు. మార్చి చివర, ఏప్రిల్ నెలలు మగదుప్పులకు మదకాలము. అవి లోయలు మారుమ్రోగేలా అరుస్తాయి. అక్కడివారు ఆ ఋతువును ‘రోర్’ అంటారు. మేము వెళ్ళినది సరిగా ఆ రోజులలోనే.

వంటింటి త్రాసు

వారు వెళ్ళదలచినది లూయిస్ పాస్ పరిసరములకు. అక్కడ లోయ అడుగున నది, దానిపైన నిలువుగా లేచిన బీచ్ చెట్ల అడవి, సుమారు 1,300 మీటర్ల ఎత్తున చెట్లు ఆగిపోయి గడ్డికొండలు, ఆపైన రాళ్ళు. మూడు రాత్రులు ఉండడానికి సరిపడే సామాను అంతా వీపున మోయాలి. మొదటి రోజే ఏడెనిమిది వందల మీటర్లు ఎక్కాలి.

ఒక సాయంత్రము అల్లుడుగారు సామాను అంతా ముందుగదిలో పరచి వంటింటి త్రాసు తెచ్చి ఒక్కొక్కటే తూచారు. తుపాకితో కలిపి మొత్తము 22.7 కిలోలు తేలింది. ఆయన బరువు 68 కిలోలు. అంటే తన బరువులో మూడవ వంతు.

“మామయ్యగారూ, మీరు మన్యములో కొండలెక్కిన మనిషి. ఏది తీసివేయవచ్చునో మీరూ చూడండి,” అన్నారు.

ఆ మాట నాకు నచ్చింది. ఉద్యోగము తొలినాళ్ళలో విశాఖ మన్యములో టీకాల పెట్టె భుజమున వేసుకొని గూడెములకు నడిచిన రోజులు గుర్తుకు వచ్చాయి. మంచుపలకలతో నిండిన ఆ పెట్టె ఊరి చివర తేలికగానే ఉండేది. రెండవ కొండ ఎక్కేసరికి అందులో ఇనుము పోసినట్లుండేది. బరువు అంటే త్రాసు చూపే అంకె ఒకటే కాదనీ, ఎంతసేపు, ఎంత ఎత్తుకు మోస్తామో అది కూడా బరువేననీ అప్పుడే తెలుసుకున్నాను. కనుక ఉత్సాహముగా కూర్చున్నాను.

తేలిక చేయదగినవి

మేము మొదట పెద్ద వస్తువులను చూసాము. పది చిన్న వస్తువులను పీకి పాకము పెట్టేకంటె మూడు పెద్ద వస్తువులను మార్చితే ఎక్కువ ఫలితము ఉంటుంది. వీపుసంచి ఒక్కటే ఖాళీగా 3.1 కిలోలు ఉంది. దాని స్థానములో 1.9 కిలోల సంచి వచ్చింది. మరీ పలుచని సంచులు ఇంకా తేలికగా దొరుకుతాయి. కాని వేటగాడు తిరుగుప్రయాణములో మాంసము మోయాలి. నడుముపట్టీ గట్టిగా లేని సంచిలో అంత బరువు వేస్తే భారమంతా భుజములపైన, మెడపైన పడుతుంది. నడుముపట్టీ కటి ఎముకలపై సరిగా కూర్చుంటే భారములో చాలాభాగము కాళ్ళకు చేరుతుంది. వెన్నుకు విశ్రాంతి దొరుకుతుంది.

2.7 కిలోల గుడారమును మానివేసి, పైన కట్టే పలుచని పరదా, క్రింద పరచుకొనే పట్టా కలిపి 800 గ్రాములలో ముగించారు. 1.8 కిలోల కృత్రిమనూలు పడకసంచికి బదులుగా 950 గ్రాముల బాతుఈకల సంచి కొన్నారు. ఈకలు తడిస్తే వెచ్చదనమును కోల్పోతాయి. కనుక దానిని నీరుచొరని సంచిలో చుట్టి పెట్టుకోవాలని నియమము చేసుకున్నారు. పడకచాపలో 450 గ్రాములు తగ్గింది. వంటకు చిన్న గ్యాసుపొయ్యి, ఒకే ఒక గిన్నె చాలుననుకొనుటతో 700 గ్రాములు పోయింది. పెద్ద దుర్భిణికి బదులు చిన్న దుర్భిణి తీసుకొనుటతో మరో 400 గ్రాములు. నలుబది తూటాలలో ఇరువదియైదు తీసివేస్తే 600 గ్రాములు తగ్గింది. “ఒక దుప్పికి నలుబది తూటాలు ఎందుకండీ?” అని మా అమ్మాయి నవ్వింది. అది నిజమే.

తుపాకిని మాత్రము మార్చలేదు. తేలిక తుపాకులు ఉన్నాయి, ఖరీదెక్కువ. పైగా తుపాకి తేలికయిన కొద్దీ కాల్చినపుడు భుజముపై వెనుదన్ను పెరుగుతుంది. ఆయాసములో ఉన్నవాని చేతిలో గురి కుదురుగా నిలువదు. అందరూ మొదట ఖర్చుపెట్టేది తుపాకి మీదనేననీ, చివర మార్చవలసినది అదేననీ ఆ మిత్రుడు చెప్పాడట.

వైద్యుడిగా నేను మాట్లాడినవి

బట్టల దగ్గర నేను గట్టిగా మాట్లాడాను. మూటలో ఒక జీన్సు, రెండు నూలుచొక్కాలు, ఒక మందపాటి నూలు స్వెట్టరు ఉన్నాయి. వాటన్నిటినీ తీయించాను. 1.6 కిలోలు తగ్గింది. మన ఎండలకు నూలుబట్టను మించినది లేదు. చలికొండలపై అదే శత్రువు. నూలు చెమటను, వానను పీల్చుకొని ఆరదు. నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు వేగముగా ఉష్ణమును హరిస్తుంది. తడిసిన నూలుబట్టతో గాలిలో కూర్చున్నవాని శరీరోష్ణము తెలియకుండా దిగజారుతుంది. అంతరంగ ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువకు పోతే దానిని అల్పతాపము అంటాము. మొదట వణకు, తరువాత చేతులు తడబడుట, మాట ముద్దకట్టుట, ఆపైన మతి తప్పుట. హిమపాతము లేకపోయినా పది డిగ్రీల చలిలో వాన, గాలి కలిస్తే ఇది కలుగవచ్చును. అందుచేత ఒంటికి ఆనుకొని పలుచని మెరీనో ఉన్ని, దానిపై వెచ్చని పొర, అన్నిటిపైన వాననూ గాలినీ ఆపే కోటు. వానకోటు తేలికది దొరికితే మంచిదే. లేకుండా వెళ్ళుట మాత్రము కూడదు.

పాదరక్షల విషయములో కూడా నా మాట విన్నారు. పాదమునకు కట్టిన బరువు వీపున కట్టిన బరువు కంటె అయిదారు రెట్లు శ్రమ కలిగిస్తుంది. ప్రతి అడుగులోను దానిని ఎత్తి, ముందుకు విసరి, దింపాలి కదా! అందుచేత అనవసరముగా బరువైన బూట్లు వద్దు. కాని నిటారు గడ్డివాలుపై అడుగు అంచుతో నిలువవలసివస్తుంది. మెత్తని పరుగుబూట్లు అక్కడ మెలికపడతాయి. చీలమండను పట్టి ఉంచే గట్టి అడుగు గల బూట్లనే ఉంచమన్నాను. మధుమేహము ఉన్నవారికి పాదములో పొక్కు చిన్న విషయము కాదు. కొత్తబూట్లతో కొండకు పోరాదు. నెలరోజులు ఊరిలో తొడిగి నడవాలి.

చేతికర్రలు రెండు కలిపి 450 గ్రాములు. వాటిని తీసివేయబోతుంటే నేను ఆపాను. ఎక్కేటపుడు ఆయాసపడేది గుండె; దిగేటపుడు అరిగేది మోకాలు. దిగువకు అడుగు వేసిన ప్రతిసారి మోకాటిపై శరీరపు బరువుకు మూడునాలుగు రెట్లు భారము పడుతుంది. కర్రలు ఆ భారములో కొంత చేతులకు పంచుతాయి. సెలయేరు దాటేటపుడు మూడవ కాలుగా నిలుస్తాయి. ఆ దేశపు కొండలలో ఏరులు దాటబోయి ప్రాణములు పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు.

ఉపగ్రహములకు ఆపదసంకేతము పంపే చిన్న పరికరము ఒకటి ఉంది. బరువు 150 గ్రాములలోపు. దానిని సంచిలో కాక ఒంటిమీద ఉంచుకోమన్నాను. జారిపడినపుడు సంచి ఒకచోట, మనిషి ఒకచోట పడవచ్చును.

ఇంతవరకు నేను చెప్పినవి సరియైనవే.

నా తప్పు

చివరకు ఆహారము మిగిలింది. 3.3 కిలోలు ఉంది. అల్లుడుగారు దానిని 2.3 కిలోలకు దించాలనుకున్నారు. ఎండబెట్టిన భోజనపు పొట్లాలు, ఓట్సు, బిస్కత్తులు, చీజు లెక్కపెట్టాక ఒక డబ్బా మిగిలింది. మా అమ్మాయి చేసిన నువ్వులు, పల్లీల చిక్కీ. 400 గ్రాములు.

“ఇదెందుకు? మధుమేహము ఉన్నవారికి బెల్లమా?” అని డబ్బాను నేనే ప్రక్కన పెట్టాను.

అమ్మాయి ఏదో అనబోయి ఊరుకుంది. ముప్పదియైదు సంవత్సరములు ప్రతిరోజు రోగులకు చెప్పిన మాట అది. ఆలోచించకుండా నోటినుండి వచ్చింది. అదే ఊపులో అల్లుడుగారు రక్తములో చక్కెర కొలిచే పరికరమును, దాని సంచిని కూడా తీసివేసారు. “మూడు రాత్రులే కదా, మాత్రలు వేసుకుంటాను,” అన్నారు. బరువు 100 గ్రాములు. నేను అడ్డుచెప్పలేదు.

త్రాసు 13.9 కిలోలు చూపింది. శరీరపు బరువులో అయిదవ వంతు. మేమిద్దరమూ పరీక్షలో నెగ్గినవారివలె సంతోషించాము.

ఆయన వాడే మాత్రలలో ఒకటి సల్ఫొనైల్‌యూరియా వర్గమునకు చెందినది. ఆ మందు క్లోమమును ప్రేరేపించి ఇన్సులినును విడుదల చేయిస్తుంది. భోజనము తగ్గినా, శ్రమ పెరిగినా ఆ ప్రేరణ ఆగదు. ఈ విషయము నాకు తెలియనిది కాదు. ఎందరికో చెప్పినదే. కాని ఆ సాయంత్రము నా దృష్టి అంతా గ్రాములపైన ఉంది. నేను రోగిని ఇంటి భోజనబల్ల దగ్గర చూసాను గాని కొండమీద చూడలేదు.

రెండవ రోజు మధ్యాహ్నము

జరిగినది వారిద్దరూ తిరిగివచ్చాక చెప్పగా విన్నాను.

రెండవ రోజు తెల్లవారకముందే అల్లుడుగారు మాత్ర వేసుకొని, గుప్పెడు ఓట్సు తిని బయలుదేరారు. అయిదువందల మీటర్లు ఎక్కారు. మధ్యాహ్నము నాలుగు బిస్కత్తులు, చీజు ముక్క. మూడుగంటల వేళ ఎదుటివాలుపై ఒక మగదుప్పి అరచింది. మధ్యనున్న లోయలోనికి దిగి, మరల ఎక్కి, ఒక రాతి అంచున బోర్లా పడుకొని తుపాకి సర్దుకున్నారు. అంచుకు దిగువన నిలువుగా రాతిగోడ.

అపుడు ఆయన చేతులు వణికాయి. చలిగాలిలో ముచ్చెమటలు పోసాయి. గుండె దడదడలాడింది. వేట ఉద్వేగము అనుకున్నారు. దుర్భిణిలో దుప్పి ఒకటి రెండుగా కనిపించింది. కన్ను అలసింది అనుకున్నారు. మిత్రుడు మెల్లగా, “దాని వెనుక ఏముందో చూసావా?” అని అడిగాడట. అల్లుడుగారు జవాబు చెప్పారు. తెలుగులో చెప్పారు.

ఆ పెద్దమనిషికి తెలుగు ఒక్కముక్క రాదు. ఇంతకాలములో ఎన్నడూ ఇలా జరుగలేదు. ఆయన మారుమాట లేకుండా తుపాకి అందుకొని, తూటాలు తీసి, బోల్టు ఊడదీసి తన జేబులో వేసుకున్నాడు. అల్లుడుగారి నడుముపట్టీ పట్టుకొని అంచునుండి వెనుకకు లాగాడు. చలికి మతి తప్పుతున్నదనుకొని తన వెచ్చని కోటు కప్పాడు. అక్కడి కొండమనుషులు బార్లీషుగర్ అనే చక్కెరబిళ్ళలను ఎప్పుడూ జేబులో ఉంచుకుంటారు. ఏడెనిమిది బిళ్ళలు ఒకదాని తరువాత ఒకటి నోట పెట్టించాడు. అవి కరిగాక తీపి గట్టిపాలు ఇచ్చాడు. పావుగంటలో వణకు తగ్గింది. అరగంటకు అల్లుడుగారు ఆంగ్లములో, “నేను తుపాకి ఎక్కడ పెట్టాను?” అని అడిగారు.

ఆ మిత్రుడు అనుకొన్న వ్యాధి వేరు. చేసిన చికిత్స సరిపోయింది. మింగగలిగే స్థితిలో ఉండుట వలన బ్రతికి బయటపడ్డారు. మింగలేని స్థితికి వెళ్ళి ఉంటే, ఆ రాతి అంచున, మనిషి సాయము గంటల దూరములో ఉన్నచోట ఏమయ్యేదో నేను వ్రాయలేను. ఆ వర్గపు మాత్రల వలన చక్కెర ఒకసారి పైకి వచ్చాక మరల పడిపోవచ్చును. ఒక దినము వరకు కనిపెట్టి ఉండాలి. ఆ సంగతి ఆ పెద్దాయనకు తెలియదు. అయినా రాత్రి రెండుసార్లు లేపి ఏదో ఒకటి తినిపించాడు. మరునాడు దుప్పిని తలచుకోకుండా మెల్లగా క్రిందకు దించి తెచ్చాడు.

ఇంటికి వచ్చాక అల్లుడుగారు నవ్వుతూ చెప్పబోయారు. నేను నవ్వలేకపోయాను. వంటింటి అరలో ఆ చిక్కీ డబ్బా ఇంకా అలాగే ఉంది.

“తప్పు నాది,” అన్నాను.

“కాదు మామయ్యగారూ, మీటరు తీసింది నేను,” అన్నారాయన.

మా అమ్మాయి మాత్రము, “ఇద్దరిదీ,” అంది. ఆ తీర్పు సరియైనది.

ఒకే ముఖము గల రెండు ఆపదలు

రక్తములో చక్కెర డెసీలీటరుకు 70 మిల్లీగ్రాములకు దిగువకు పోతే చికిత్స అవసరము. న్యూజీలాండు కొలతలో అది 3.9. వణకు, చెమట, దడ, ఆకలి, చూపు చెదరుట, చిరాకు, తికమక దాని లక్షణములు. వీటిలో వణకు, తికమక, మాట తడబడుట అల్పతాపములో కూడా ఉంటాయి. కొండమీద ఈ రెండిటినీ వేరుచేయుట కష్టము. చలిలో వణుకుతున్నవానికి చెమటలు పోస్తుంటే చక్కెరను అనుమానించాలి. కొలిచే పరికరము లేకపోతే వేచి ఉండనవసరము లేదు. స్పృహ ఉండి మింగగలిగితే తీపి పెట్టి, వెచ్చగా కప్పాలి. రెండు ఆపదలలోను అది మేలే చేస్తుంది.

పదిహేను గ్రాముల గ్లూకోజు లేక చక్కెర ఇచ్చి, పదిహేను నిమిషములు ఆగి, మరల కొలవాలి. తగ్గకపోతే మరల అంతే ఇవ్వాలి. తేరుకున్నాక బిస్కత్తులో, రొట్టెయో తినిపించాలి. స్పృహ తప్పినవాని నోట మాత్రము ఏదీ పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోతుంది. చిక్కీలో పల్లీల కొవ్వు ఉండుట వలన తీపి నిదానముగా రక్తములో చేరుతుంది. కనుక మొదటి చికిత్సకు గ్లూకోజు బిళ్ళలు, ఆ తరువాత నిలకడకు చిక్కీ. రక్తపుపోటుకు బీటా అవరోధకములు వాడేవారిలో వణకు, దడ మరుగుపడవచ్చును. వారికి తరచు చెమట ఒక్కటే హెచ్చరిక.

మద్యము గురించి ఒక మాట. చలికి ఒక గుక్క మంచిదని అనుకొనేవారున్నారు. మద్యము చర్మపు రక్తనాళములను వ్యాకోచింపజేసి ఒంటివేడిని బయటకు పంపుతుంది. కాలేయము చక్కెరను విడుదల చేయుటను అడ్డుకుంటుంది. రెండు విధములా హాని. తుపాకి పట్టేవారు మద్యము ముట్టరాదని ఆ దేశపు తుపాకి నియమములలో ఒకటి. చక్కెర పడిపోయిన మెదడు కూడా తాగిన మెదడు వంటిదే. తేడా ఏమంటే, ఇతను తాను తాగలేదు గనుక తనకేమీ కాలేదనుకుంటాడు.

మూడు కుప్పలు

ఆ తరువాత మేము సామానును మరల ముందుగదిలో పరచాము. ఈసారి త్రాసు తీయకముందు మూడు కుప్పలు చేసాము.

మొదటి కుప్పను తూచము. వానకోటు, వెచ్చని పొర, ఆపదసంకేత పరికరము, తలదీపము, నిప్పు, రక్తస్రావమును ఆపే కట్టు, రోజుకు కావలసిన మందులు, అదనముగా రెండురోజుల మందులు, చక్కెర కొలిచే పరికరము, గ్లూకోజు బిళ్ళలు, చిక్కీ. చలిలో ఆ పరికరము పనిచేయక మొరాయిస్తుంది గనుక దాని చోటు లోజేబు. గ్లూకోజు బిళ్ళలలో సగము మిత్రుని జేబులో. రోగి జేబులోనిది రోగికి గుర్తుకురాని క్షణము ఒకటి ఉంటుందని ఆ రోజు తెలిసింది కదా!

రెండవ కుప్ప తప్పక కావలసినవి, కాని తేలికవి ఎంచుకోదగినవి. సంచి, పడక, పరదా, గిన్నె, దుర్భిణి. డబ్బు ఖర్చుపెట్టవలసినది ఇక్కడ.

మూడవ కుప్ప భయము వలన, అలవాటు వలన మోసేవి. రెండవ జీన్సు, ఇరువదియైదు తూటాలు, మడతకుర్చీ. వీటిని మానుకొనుటకు పైసా ఖర్చు లేదు.

నాలుగవ కుప్ప ఒకటి ఉంది, అది త్రాసుకెక్కదు. మన ఒళ్ళు. నడుముచుట్టు ఉన్న నాలుగు కిలోలు తగ్గించుకోకుండా నాలుగువందల గ్రాముల సంచికోసము వేలు పోయుటలో అర్థము లేదు. గుండె సంగతి కూడా చూసుకోవాలి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో జింకల వేటకు వెళ్ళే నడివయస్కులకు హృదయ విద్యుల్లేఖన పరికరములు కట్టి వైద్యులు పరిశీలించారు. వారిలో కొందరి గుండెవేగము ట్రెడ్‌మిల్ పరీక్షలో చేరిన గరిష్ఠమును కూడా దాటింది. నడకకు తోడు బరువు, చలి, ఉద్వేగము చేరుతాయి. చంపిన జంతువును ఈడ్చుట అన్నిటికంటె కష్టము. ఎముకలు తీసివేసినా దుప్పి మాంసము పాతిక కిలోలు, అంతకు మించి ఉండవచ్చును. తేలిక చేసిన మూట తిరుగుదారిలో ఒక్కసారిగా రెండింతలు దాటుతుంది. అందుచేత మోయగలిగిన దూరములోనే కాల్చాలని అనుభవజ్ఞుల మాట. నలుబదేళ్ళు దాటి, మధుమేహమో, రక్తపుపోటో, పొగత్రాగే అలవాటో ఉన్నవారు వెళ్ళే ముందు వైద్యుని చేత గుండె పరీక్ష చేయించుకొనుట మంచిది.

అల్లుడుగారు తన వైద్యుని వద్దకు వెళ్ళి జరిగినది దాచకుండా చెప్పారు. ఆయన ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, ఆ మాత్రకు బదులు చక్కెరను అంతగా పడగొట్టని వేరొక మందు వ్రాసారు. మీరెవరూ ఈ వ్యాసము చదివి మీ అంతట మీరు మాత్రలు ఆపరాదు, మార్చరాదు. ‘నేను ఫలానా రోజులలో కొండ ఎక్కబోతున్నాను’ అని మీ వైద్యునికి ముందుగా చెప్పండి. చాలామంది చెప్పరు. అడగనందుకు మాది కూడా తప్పే.

మనకు ఏమిటి?

మనలో వేటకు వెళ్ళేవారు లేరు. కాని కేదారనాథునికి, అమరనాథునికి వెళ్ళేవారున్నారు. శబరిమల ఎక్కేవారున్నారు. అలిపిరి మెట్లపై ఉపవాసముతో నడిచే మధుమేహరోగులు ఎందరో ఉన్నారు. ఉదయము మాత్ర వేసుకొని, దర్శనమయ్యే వరకు ఏమీ తిననని మ్రొక్కుకొని, వేల మెట్లు ఎక్కేవారి శరీరములో జరిగేది ఆ రాతి అంచున జరిగినదే. మూట తేలికగా కట్టుకోండి. దుప్పట్లు తగ్గించండి, అదనపు చీరలు తగ్గించండి. చక్కెర పొట్లము, మందుల సంచి, నీళ్ళసీసా, వానకోటు తగ్గించకండి. మీకు మధుమేహము ఉందనే సంగతి ప్రక్కన నడిచేవారికి చెప్పి ఉంచండి.

మరుసటి సంవత్సరము రోర్ కాలములో వారిద్దరూ అదే కొండకు వెళ్ళారు. వెళ్ళే ముందు అల్లుడుగారు ఫోనులో త్రాసు చూపించారు. 14.6 కిలోలు. నేను ఏమీ తీయమనలేదు. నాలుగవ రోజు రాత్రి అమ్మాయి ఫోను చేసి వాళ్ళు క్షేమముగా వచ్చారనీ, ఒక ఆడదుప్పి దొరికిందనీ చెప్పింది. “చిక్కీ?” అని అడిగాను. “సగము తిరిగివచ్చింది నాన్నగారూ. గ్లూకోజు బిళ్ళలు ఒక్కటీ విప్పలేదు,” అంది.

ఆ బరువు అంతదూరము మోసి, వాడకుండా తిరిగి తెచ్చినందుకు నాకు చాలా సంతోషము కలిగింది.